అడ్వాన్సు తిరిగి రావాలంటే తాళాలు చేతులు మారేలోపే లెక్క తేలాలి

మీరు రాసిన దాన్ని బట్టి పరిస్థితి ఇది. కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, నెలకు 24,000 అద్దె, మూడు నెలల అడ్వాన్సు 72,000. అగ్రిమెంటు 11 నెలలకే రాసుకున్నారు, కానీ 22 నెలలుగా ఉంటున్నారు. ఈ నెల 30న ఖాళీ చేస్తామని గత నెల 28న ఫోన్‌లో చెప్పారు. ఓనరేమో కొత్తవాళ్లు దిగాకే డబ్బులిస్తానని, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటానని అంటున్నారు. ఈరోజు 5వ తేదీ. అగ్రిమెంటులో నెల రోజుల నోటీసు అని, బాకీలు పోను అడ్వాన్సు ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వాలని ఉంది. పెయింటింగ్ మాట ఎక్కడా లేదు.

మీరింకా ఇంట్లోనే ఉన్నారు, ఈ వ్యవహారంలో మీకున్న బలమంతా అదే. అడ్వాన్సు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది సామాను లారీ ఎక్కించి, తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి, "లెక్క తర్వాత చూసుకుందాం సార్" అని వెళ్లిపోయినవాళ్లే. ఇల్లు చేతికొచ్చాక ఓనరుకు తొందర ఉండదు. కాబట్టి రాబోయే 25 రోజుల్లో మీరు చేసే ప్రతి పనికీ గురి ఒక్కటే: లెక్క ముందే తేలాలి, డబ్బులూ తాళాలూ ఒకేసారి చేతులు మారాలి.

ముందుగా నోటీసు. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. రేపు ఓనరు "నాకు చెప్పనే లేదు, ఇంకో నెల అద్దె కట్టు" అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఈరోజే వాట్సాప్‌లో ఇలా పంపండి:

"నమస్తే సార్. గత నెల 28న ఫోన్‌లో చెప్పినట్టు ఈ నెల 30న ఫ్లాటు ఖాళీ చేసి తాళాలు అప్పజెప్తాం. మీ దగ్గర మా అడ్వాన్సు 72,000 ఉంది. ఈ ఆదివారం గానీ వచ్చే ఆదివారం గానీ మీరొకసారి వచ్చి ఇల్లు చూస్తే, మేం బాగు చేయించాల్సినవి ఏమైనా ఉంటే ఖాళీ చేసేలోపే చేయిస్తాం. 30న మీటరు రీడింగ్ చూసుకుని, కరెంటు, మెయింటెనెన్సు పోను మిగతాది పంపి తాళాలు తీసుకోగలరు."

ఇందులో 72,000 అనే అంకె తప్పనిసరిగా ఉండాలి. దానికి ఆయన "సరే" అన్నా, "పెయింటింగ్ పోను ఇస్తా" అన్నా, అంత అడ్వాన్సు తన దగ్గర ఉందని ఒప్పుకున్నట్టే. ఇదే విషయం ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ సదుపాయంతో కూడా పంపండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటరులో రిజిస్ట్రేషన్ కావాలని విడిగా అడగాలి.

గడువు దాటిన అగ్రిమెంటు చెల్లదేమోనని మీరు కంగారుపడుతున్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం, గడువు అయ్యాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ వస్తే అది నెలనెలా సాగే అద్దెగా కొనసాగుతుంది. వేరే ఒప్పందం లేకపోతే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. కానీ మీ పాత షరతుల్లో నెల రోజులని ఉంది కాబట్టి నెల రోజులే పాటించండి, వాదనకు తావుండదు. ఓనరు మొండికేసి నోటీసును ఈరోజు నుంచే లెక్కగట్టినా, అదనంగా పడేది వచ్చే నెల 5 వరకు అంటే 5 రోజుల అద్దె: 24,000ను 30తో భాగించి 5తో గుణిస్తే 4,000. ఇంకో పూర్తి నెల అద్దె అడిగితే ఒప్పుకోకండి.

ఇక పెయింటింగ్. అదే చట్టం 108వ సెక్షన్‌లో అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పజెప్పాలని ఉంది, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను అందులోంచి మినహాయించారు. 22 నెలల్లో గోడల రంగు వెలిసిపోవడం, సోఫా వెనకాల నీడలా మరక పడటం, స్విచ్‌బోర్డు చుట్టూ చేతి జాడలు, బాత్రూమ్ పైకప్పుకు చెమ్మ పట్టి పెచ్చులూడటం ఇవన్నీ అరుగుదలే. పై ఫ్లాటు నుంచి నీళ్లు కారి గోడ ఉబ్బితే అసలు మీకు సంబంధమే లేదు. పిల్లలు క్రేయాన్లతో గీసిన గోడ, టీవీ బిగించడానికి కొట్టిన బొక్కలు, గోడకు అతికించిన స్టిక్కర్లు పీకితే ఊడొచ్చిన రంగు మాత్రం మీ ఖాతాలోవే. అయినా ఒక గోడ పాడైతే ఒక గోడకే డబ్బు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. పెయింటరు దగ్గర చదరపు అడుగు రేటు రాయించుకుని ఆ లెక్కే కట్టండి. ముక్క మీద వేస్తే రంగు కలవదు కాబట్టి గోడ మొత్తం వేయించమని ఓనరు అడగడం మాత్రం న్యాయమే.

అగ్రిమెంటులో "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కి" అని రాసి ఉంటే పరిస్థితి వేరు. సంతకం పెట్టాక దాన్ని కాదనడం కష్టం, బేరమాడటమే మార్గం. ఒప్పందం ఉల్లంఘిస్తే ఇంత కట్టాలి అని ముందే రాసుకున్న మొత్తాలకు కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ వర్తిస్తుంది. రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన నష్టపరిహారమే ఇప్పిస్తారు. "లాక్‌ఇన్‌లోపు (కనీసం ఉండాల్సిన గడువులోపు) వెళ్తే అడ్వాన్సంతా పోతుంది" లాంటి షరతుల మీద ఇది పనికొస్తుంది. మీ కాగితంలో ఇవేవీ లేవు కాబట్టి, "అగ్రిమెంటులో లేదు సార్, దెబ్బతిన్నవి ఏవో చూపించండి, చేయిస్తాం" అన్న ఒక్క మాట మీదే నిలబడండి. "ఇక్కడందరూ ఇస్తారు" అనే వాదనకు జవాబు వెతుక్కోకండి.

సొంతంగా బాగు చేసేటప్పుడు కూడా జనం డబ్బు పోగొట్టుకుంటారు. డ్రిల్లు బొక్కల్లోంచి ప్లాస్టిక్ ప్లగ్గులు లాగేసి, వాల్ పుట్టీని రెండు విడతలుగా నింపి, ఆరాక సన్న ఇసుక కాగితంతో చదును చేస్తే చాలు. షేడ్ నంబరు తెలియకుండా రంగు మాత్రం తాకవద్దు. తెలుపులోనే ఎన్నో తెలుపులుంటాయి, పైగా పాత గోడ మీద కొత్త తెలుపు చుక్కలు చుక్కలుగా కనిపించి, లేని మరమ్మతు పని పుట్టిస్తాయి. బోరు నీళ్ల వల్ల కుళాయిలు, షవర్ల మీద కట్టే తెల్లటి పొరకు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే క్రోమ్ పూత పోతుంది, టైల్స్ సందుల్లో సిమెంటు తినేస్తుంది, అప్పుడు కుళాయి ఖరీదు కూడా మీ మీదే పడుతుంది. నిమ్మ ఉప్పును కూడా పాలరాతి మీద పడనివ్వకండి. చిమ్నీ ఫిల్టర్లకు వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. అల్యూమినియం జాలీ అయితే కాస్టిక్ సోడా వద్దు, నల్లబడి పాడైపోతుంది.

ఏసీ, గీజరు, దోమల మెష్, కర్టెన్ రాడ్లు మీరు పెట్టించుకున్నవైతే ఇల్లు మీ చేతిలో ఉండగానే విప్పించుకోవాలి. తాళాలిచ్చాక "అది నా గీజరు" అంటే వినేవాళ్లు ఉండరు. తీసిన చోట మాత్రం మొదట ఎలా ఉందో అలా చేసి ఇవ్వాలి.

ఓనరు ఆదివారం వచ్చినప్పుడు గది గదీ తిరగండి. ఆయన చూపించిన ప్రతిదీ కాగితం మీద రాసి, ఆయన ఎదుటే ఆ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. ఆ జాబితాలో లేనిది 30న కొత్తగా పుట్టుకొస్తే అడ్డం చెప్పడానికి అదే ఆధారం. ఆయన రాకపోతే, మీరు రమ్మన్న మెసేజే రేపు సాక్ష్యం. సామాను తీశాక ఖాళీ ఇంటిని మెయిన్ డోర్ దగ్గర నుంచి ఆపకుండా ఒకే వీడియో తీయండి. కుళాయిలు తిప్పి నీళ్లు రావడం, ఫ్యాన్లు తిరగడం, లైట్లు వెలగడం, వార్డ్‌రోబ్ తలుపులు తెరుచుకోవడం, మీటరు రీడింగ్ అన్నీ అందులో పడాలి. ఒరిజినల్ వీడియో ఉన్న ఫోన్ అమ్మేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జతచేయాలి, అది ఏ ఫోన్‌లోంచి తీశారో అందులో చెప్పాల్సి వస్తుంది.

తాళాల రోజు లెక్క ఎలా ఉండాలో ఒక నమూనా చూడండి. అడ్వాన్సు 72,000. చివరి బిల్లు తర్వాత వాడిన కరెంటు 1,350, మెయింటెనెన్సు 2,500, వంటింటి కుళాయి 900, హాలులో ఒక గోడ రంగు 2,000. మొత్తం 6,750 పోతే 65,250. దీనికి మీరు కరెంటు బిల్లుల్లో ఏసీడీ అనే డిపాజిట్ కింద కట్టిన 1,100 కలిపితే రావాల్సింది 66,350.

ఈ ఏసీడీ సంగతి చాలామందికి తెలియదు. కరెంటు బిల్లులో అదనపు వినియోగ డిపాజిట్ అని అప్పుడప్పుడు ఒక మొత్తం కలుస్తుంది. అది వాడిన కరెంటు ఖరీదు కాదు, సర్వీసు నంబరు మీద డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర జమయ్యే డిపాజిట్. సర్వీసు ఓనరు పేరు మీద ఉంటే ఆ డబ్బు ఓనరుదవుతుంది, కట్టింది మాత్రం మీరు. 22 నెలల బిల్లులన్నీ తెరిచి ఆ పేరుతో ఎంత కట్టారో కూడి, లెక్కలో వెనక్కి అడగండి. బిల్లు తేదీకీ ఖాళీ చేసే తేదీకీ మధ్య యూనిట్లకు, చివరి బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటు రేటు వేసుకుంటే సరిపోతుంది. ఆ మొత్తంలో ఏసీడీ, పాత బకాయి లాంటివి ఉంటే తీసేశాకే భాగించండి.

అపార్టుమెంటు అసోసియేషన్ నుంచి బాకీ లేదని ఒక మెసేజ్ తెచ్చుకోండి. గేటెడ్ కమ్యూనిటీల్లో ఓనరు అనుమతి లేకపోతే సామాను లారీని సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ అనుమతిని అడ్డుపెట్టుకుని చివరి నిమిషంలో లెక్క మార్చే ఓనర్లు ఉన్నారు. కాబట్టి రెండు రోజుల ముందే తెప్పించుకోండి. మెయిన్ డోర్, వార్డ్‌రోబ్ తాళంచెవులు, గేటు కార్డులు, పార్కింగ్ స్టిక్కరు ఎన్ని ఇచ్చారో కూడా తాళాల రసీదులో రాయించాలి.

డబ్బు పంపే చోట ఇంకో ఇబ్బంది. మామూలుగా యూపీఐలో రోజుకు లక్ష వరకే వెళ్తుంది. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు ఇంకా తక్కువే పంపనిస్తాయి. "లిమిట్ అయిపోయింది, రేపు పంపిస్తా" అన్న మాట నిజమే కావచ్చు, మీరు మాత్రం ఆ రోజు తాళాలు ఇచ్చేసి ఉంటారు. మీ ఖాతా వివరాలు 27వ తేదీకల్లా పంపి, చేర్చుకోమని, ఒక్క రూపాయి పంపి చూడమని అడగండి. బ్యాంకు సెలవు అనే మాటకు విలువ లేదు, ఐఎంపీఎస్, నెఫ్ట్ 24 గంటలూ పనిచేస్తాయి.

డబ్బు ఇవ్వకుండా తాళాలు అడిగితే ఏం చేయాలి? బిగపట్టుకుని కూర్చోవడానికి హద్దుంది. 30 దాటాక ఇల్లు మీ దగ్గర ఉన్నన్ని రోజులకూ రోజుకు 800 చొప్పున వాడుక డబ్బు అడిగే హక్కు ఓనరుకు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో తేలేలా ఉంటే ఆగండి. తేలదనిపిస్తే రాతపూర్వకంగా తాళాలిచ్చి బయటపడండి: "ఫలానా తేదీన ఇన్ని తాళంచెవులు ఇచ్చాం, అడ్వాన్సు 66,350 రావాల్సి ఉంది" అని రసీదు. కొందరు అద్దె మీటరు తిరుగుతూ ఉండాలని తాళాలు తీసుకోరు. అప్పుడు తీసుకోమని మెసేజ్ పెట్టి, తాళంచెవుల ఫొటో తీసి, కవరులో స్పీడ్ పోస్టు చేయండి.

ఇంతకంటే సులువైన దారి చివరి నెలల అద్దెను అడ్వాన్సులో పట్టుకోమనడం. ఈ నెల అద్దె మీరింకా కట్టకపోయి ఉంటే, "ఈ నెల 24,000 అడ్వాన్సులో పట్టుకోండి, మిగతా 48,000 లెక్క 30న చూద్దాం" అని అడిగి చూడండి. ఒప్పుకుంటే రాతలో తీసుకోండి. ఆయన ఒప్పుకోకుండానే మీరు అద్దె ఆపేస్తే బాకీదారు మీరవుతారు, ఆ తర్వాత ఏ నోటీసు ఇచ్చినా జవాబులో మొదటి వాక్యం అదే ఉంటుంది.

"కొత్తవాళ్లు దిగాకే ఇస్తా" అనేది అగ్రిమెంటులో లేనంతవరకు షరతు కాదు, కోరిక మాత్రమే. ఓనరు మీ డబ్బు ఖర్చుపెట్టేసుకుని ఉంటారు, కొత్తవాళ్ల అడ్వాన్సుతో మీది తీర్చాలన్నది లెక్క. ఆ ఇబ్బంది నిజమైతే తేదీ వేసి రాసిమ్మనండి: 30న సగం, 15వ తేదీకి మిగతాది. కొత్తవాళ్లకు ఇల్లు చూపించడానికి సహకరించండి, అది మీకూ లాభమే.

అప్పటికీ రాకపోతే చట్టం దారి. ముందు ఎక్కడికి వెళ్లకూడదో చెప్పాలి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలను దాని నుంచి మినహాయించారు. 24 వేల అద్దెకు రెంట్ కంట్రోలర్ దగ్గర పని జరగదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రెండు నెలల అడ్వాన్సు పరిమితి ఉందని అందరూ పంచుకుంటుంటారు. అది నమూనా, రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప వర్తించదు, నోటీసులో దాన్ని రాయకండి. పోలీస్ స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అని పంపేస్తారు, అది సరైన మాటే. బెదిరించడం, సామాను బయట పడేయడం, తాళం వేసేయడం జరిగితే మాత్రం వెంటనే వెళ్లండి. వినియోగదారుల కమిషన్ మామూలు ఇంటి అద్దెకు పనికిరాదు. భోజనం, క్లీనింగ్ లాంటి సేవలిచ్చే పీజీ, కో-లివింగ్ సంస్థ డబ్బు ఆపితే అక్కడ ఆలోచించవచ్చు. 5 లక్షల వరకు ఫిర్యాదుకు రుసుము లేదు, సలహాకు 1915 నంబరు ఉంది.

మీ వరస ఇది. ముందు మీరే 15 రోజుల గడువుతో ఒక ఉత్తరం రాయండి. తర్వాత లాయరు నోటీసు. అందులో అసలుతో పాటు వడ్డీ కూడా అడిగారో లేదో చూసుకోండి. అగ్రిమెంటులో వడ్డీ మాట లేనప్పుడు, 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం వడ్డీ అడుగుతూ రాతపూర్వక నోటీసు ఇచ్చిన తేదీ నుంచి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం మరిచిపోతే కేసు వేసేదాకా గడిచిన నెలల వడ్డీ పోవచ్చు. నోటీసు తీసుకోనని తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా దాచండి. సరైన చిరునామాకు పంపి, ఆయనే నిరాకరిస్తే అందినట్టే చూస్తారు.

నోటీసుకూ లొంగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టండి. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వస్తుంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. కోర్టు ఫీజు ఉండదు. ఓనరును పిలిపిస్తారు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు (రాజీ ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. లోపం ఏమిటంటే ఓనరు రాకపోయినా, ఒప్పుకోకపోయినా వాళ్లు బలవంతం చేయలేరు. కానీ కోర్టు ముద్ర ఉన్న కాగితం ఇంటికొస్తే చాలామంది వస్తారు. 60, 70 వేల తగాదాకు ఇంతకంటే తగిన చోటు లేదు. సివిల్ దావా ఆఖరిది, ఖాళీ చేసిన నాటి నుంచి మూడేళ్లలోపు వేయాలి. బెంగళూరులో ఆరు నెలలు, పది నెలల అడ్వాన్సులు కట్టిన మనవాళ్లకు మొత్తం లక్షల్లో ఉంటుంది కాబట్టి, వాళ్లు దావా గురించి తొందరగానే ఆలోచించాలి.

దావాలో మీ 100 రూపాయల స్టాంపు పేపరు అగ్రిమెంటు మీద తగినంత సుంకం లేదని అవతలి లాయరు అభ్యంతరం పెట్టవచ్చు. అప్పుడు తేడా సుంకం, జరిమానా కడితే గానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. అందుకే బ్యాంకు స్టేట్‌మెంటులో 72,000 వెళ్లిన వరుస, ఓనరు "సరే" అన్న మెసేజ్ అంత ముఖ్యం. అడ్వాన్సు ఓనరు బావమరిది ఖాతాకో, బ్రోకరుకో వెళ్లి ఉంటే, ఇల్లు ఖాళీ చేయకముందే ఓనరు చేత ఆ డబ్బు తనకు అందిందని రాయించుకోండి. ఓనరు అమెరికాలో ఉండి, ఇక్కడ తండ్రి చూసుకుంటున్న ఇళ్లలో ఇది మరీ అవసరం. నోటీసు అగ్రిమెంటులో సంతకం పెట్టినవారికీ, డబ్బు అందుకున్నవారికీ ఇద్దరికీ వెళ్లాలి. మధ్యలో ఇల్లు అమ్ముడైతే, అడ్వాన్సు కొత్త ఓనరుకు మళ్లిందని పాత, కొత్త ఓనర్లిద్దరి సంతకాలతో ఒక ఉత్తరం తీసుకోండి, లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

చివరిగా, నోటీసు అందాక ఓనరు ఓ 40,000 పంపి "లెక్క సరిపోయింది, సంతకం పెట్టండి" అనవచ్చు. డబ్బు తీసుకోండి, సంతకం మాత్రం వద్దు. అదే రోజు మెసేజ్ పెట్టండి: "40,000 అందింది, రావాల్సిన 66,350లో ఇంకా 26,350 బాకీ ఉంది."